యంత్రం ఇంటికొచ్చిన శనివారం

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి పక్కన తన కుర్చీలో నానమ్మ జెలిందా. పనికి సెలవు పెట్టి, చొక్కా చేతులు మడిచిన నాన్న లెయార్కో. తలకు కొత్త రుమాలు కట్టుకుని, పండగనాటి ముఖంతో అమ్మ అర్జియా. కారు తాళాలు చూపుడువేలికి తగిలించుకుని తిప్పుతున్న అమ్మ చెల్లెలు వాందా. ఫ్యాక్టరీ బండి తోలుకొచ్చి, గుమ్మం దగ్గర బూట్ల బురద గీకుతున్న ఆమోస్. వీళ్ళెవరికీ అడ్డం రాకుండా మెట్ల కింద నిలబడ్డ మిర్నా. ఇంకొకటి కూడా ఉంది. గోనెపట్టాలు కప్పి, తాళ్ళతో బిగించిన అల్లిక యంత్రం. అది ఇంకా ఇంట్లోకి రాలేదు, వాకిట్లో బండి మీదే ఉంది.

"దాన్ని కూడా మనుషుల్లోనే కలపండి. రేపటి నుంచి ముందు దానికే పెట్టాలి తిండి" అంది నానమ్మ.

కిందటి వారం మిర్నాను మనం కార్పి పట్నం నుంచి ఇంటికి సైకిల్ మీద వస్తుండగా వదిలాం. అప్పుడా పిల్ల కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎవారిస్తోగారి ఫ్యాక్టరీలో ఆమెకు పరీక్ష పెట్టారు. స్వెట్టర్ ముందు భాగాన్నీ, చేతినీ ఇచ్చి, అల్లిక కన్నుకు కన్ను తగిలించి కలపమన్నారు. కలిపింది. నమూనాల గదిని చూసుకునే ఒర్నెల్లాగారు ఆ అతుకును తిరగేసి చూసి, వెలుతురుకు పట్టి చూసి, ఒక్క మాటైనా అనకుండా దాన్ని తనతో తీసుకుపోయింది. మేస్త్రీ మాత్రం "వచ్చేది కాదు, ఆపై సోమవారం రా" అన్నాడు. వాందా పిన్ని కూతురు లియానా అక్కడే పెట్టెలు సర్దే పనిలో ఉంది. రోజూ ఇద్దరూ కలిసి సైకిళ్ళ మీద వెళ్ళాలని, మధ్యాహ్నం ఒకే బెంచీ మీద కూర్చుని తినాలని అనుకున్నారు. మిర్నాకు పదిహేనేళ్ళు. ఊరి బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. ఫ్యాక్టరీలో ముప్ఫై మంది ఆడపిల్లల గోలలో అయితే మాట్లాడకపోయినా ఎవరూ పట్టించుకోరు, అది ఆమెకు ఎంతో నచ్చింది. ఆదివారమంతా కూర్చుని, పనిలో తొడుక్కోవడానికి నీలం కోటు కుట్టుకుంది.

ఈ యంత్రం సంగతి మాత్రం ఆమెతో ఎవరూ అనలేదు.

యంత్రం తలుపులోంచి పట్టలేదు. మనిషి రెండు చేతులూ బారజాపినా అంచులు అందనంత పొడుగది. నాన్నా, ఆమోసూ అటు తిప్పారు, ఇటు తిప్పారు, నిలువుగా లేపబోయారు.

"నెమ్మది, లెయార్కో. మెడ పట్టుకుని లాగడానికి అది దూడ కాదు" అంది అమ్మ.

"దూడైతే తనే నడుచుకుంటూ వచ్చేదమ్మా, మా నడుములు మిగిలేవి" అన్నాడు ఆమోస్.

చివరికి వెనక గది కిటికీని చట్రంతో సహా ఊడబెరికారు. వెనక గదిలో పడుకునేది నానమ్మా, మిర్నా. నానమ్మ మంచాన్ని గోడ వారకు జరిపారు. మిర్నా మంచం విప్పి, పలకలు తెచ్చి మెట్లకు ఆనించారు. పరుపు చుట్టి ఆమె చేతుల్లోనే పెట్టారు, ఇంకెక్కడా చోటు లేదు కాబట్టి.

"నేనెక్కడ పడుకోవాలి?" అంది మిర్నా. పరుపు మూతికి అడ్డంగా ఉంది. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

పట్టాలు తీసేసరికి వరసగా సూదులు, వాటి మీద అటూ ఇటూ తోసే బండి, ఆ బండికి పిడి. పిడికి ఎర్ర నూలు దట్టంగా చుట్టి ఉంది. ఆ ఎర్ర నూలును మిర్నా ఎరుగును. చేతికి బొబ్బలు వస్తున్నాయని అమ్మ ఇంటి నుంచి తీసుకెళ్ళి చుట్టుకున్నది అది. అమ్మ ఎవారిస్తోగారి దగ్గర ఎనిమిదేళ్ళుగా తోస్తున్న యంత్రమే ఇప్పుడు వెనక గదిలో నిలబడింది.

"ఇది నీదే కదమ్మా?"

"నాదే. వరసలో నాలుగోది." అమ్మ ఏప్రన్ అంచుతో పిడి తుడవబోయి, అంచు మురికిగా ఉందని చూసుకుని, తలరుమాలే విప్పి తుడిచింది. "పక్కది తీసుకో, కొత్తది అన్నారు. నాకొద్దన్నాను. దీనికి ఎడమ వైపు మూడు సూదులు మొండికేస్తాయి. వాటి సంగతి నాకు తెలుసు, నా సంగతి వాటికి తెలుసు."

"మరి అక్కడ?"

"అక్కడేముంది. ఖాళీ" అంది వాందా గుమ్మంలోంచి. "ఎవరి యంత్రం వాళ్ళింటికి పోయింది. ఆమోస్ పొద్దుట్నుంచి అదే పని మీద ఉన్నాడు, మీది అయిదో ఇల్లు."

మిర్నా పరుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వరసలో నాలుగోది. పరీక్షనాడు మేస్త్రీ, ఆ వరస వెనకే ముక్కలు కలిపే బల్లలు చూపించి, నీ చోటు ఇదీ అన్నాడు. ముందున్న యంత్రాలు ఇళ్ళకు పోతే వెనకున్న బల్లలు ఏమవుతాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా అడగాలనిపించింది. అడగడానికి నోరు తెరిచేలోపు అందరూ భోజనాలకు లేచారు.

ఆమోస్ వచ్చాడని అమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. పందిమాంసం పలచగా కోసి పెట్టింది. నాన్న ఎర్రటి లాంబ్రూస్కో ద్రాక్షసారా సీసా తెచ్చి, నురుగు పొంగకుండా వంచి పోశాడు. వాందా ఇంకెవరినీ మాట్లాడనివ్వకుండా మాట్లాడుతోంది. రెండేళ్ళ కిందటి దాకా ఆమె కూడా అక్క పక్కనే నిలబడి యంత్రం తోసింది. ఇప్పుడు చిన్న ఫియట్ కారులో ఇంటింటికీ నూలు వేసుకుపోతుంది, అల్లిన ముక్కలు తెచ్చుకుపోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె కారు చప్పుడు విని, పాలవాడి కోసం వచ్చినట్టు గుమ్మాల్లోకి వస్తారు.

"ఇదిగో చూడు బావా" అంటూ ఆమె రొట్టె ముక్కల్ని తెల్లగుడ్డ మీద పేర్చింది. "ఇది మీ ఇల్లు, ఇక్కడ అల్లుతారు. ఇది దోరినా ఇల్లు, అక్కడ ముక్కలు కలుపుతారు. వంతెన దగ్గర విధవావిడ లేదూ, ఆవిడ ఇస్త్రీ చేస్తుంది. స్టేషను వెనక అక్కచెల్లెళ్ళిద్దరూ కాజాలు, గుండీలు. వీళ్ళ మధ్య తిరిగేది నేను. ఇక ఫ్యాక్టరీలో నమూనాల గది, పెట్టెలు సర్దే గది, జర్మనీ వాళ్ళు వస్తే కూర్చోబెట్టే గది. అంతే."

నాన్న ఒక రొట్టె ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగాడు.

"నీ ఇస్త్రీ ఆవిడ పోయింది. ఇప్పుడేం చేస్తావు?"

"ఇంకో ముక్క పెడతాను."

"నేను చెప్పేదీ అదే."

ఆమోస్ నవ్వాడు. వాందా నవ్వలేదు. "నీ పార్టీ మీటింగు ఇక్కడ పెట్టకు బావా."

"మీటింగు ఎక్కడిదమ్మా ఇంక. మొన్న వసంతంలో మీ అక్కావాళ్ళంతా గేటు దగ్గర నిలబడి సమ్మె చేశారు. ఎవారిస్తో బయటికొచ్చి టోపీ తీసి మాట్లాడాడు. ఇప్పుడో? పొద్దున్నే లేచి వెనక గది గుమ్మంలో నిలబడి 'అర్జియా డౌన్ డౌన్' అంటుందా మా ఆవిడ? మధ్యాహ్నం తనే వచ్చి తనతో రాజీ మాట్లాడుకుంటుందా?"

"కిటికీ ఊడబెరికి లోపలికి మోసింది మాత్రం నువ్వే."

నాన్న గ్లాసు వంక చూశాడు. "మోశాను. ఏం చెయ్యను. యంత్రం వస్తుందని తెలిసినప్పట్నుంచీ మీ అక్క నిద్దట్లో కూడా నవ్వుతోంది."

"నా చిన్నప్పుడూ ఇంతే" అంది పొయ్యి దగ్గర్నుంచి నానమ్మ. "టోపీల వర్తకుడు గాడిద బండి మీద చెక్కపేళ్ళు తెచ్చి గుమ్మంలో పడేసేవాడు. మా అమ్మ, నేను, మా చెల్లెళ్ళు కూచుని వాటితో టోపీలకు జడలల్లేవాళ్ళం. జడలు వాడు పట్టుకుపోయేవాడు. ఆ టోపీ ఎవరి నెత్తి మీద ఉందో ఏనాడూ చూడలేదు. వాడికి గాడిద, నీకు కారు."

"నా కారు గడ్డి తినదు అత్తయ్యా."

"గాడిద అబద్ధాలు కూడా చెప్పేది కాదులే."

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక కొంచెం సందు దొరికింది. మిర్నా బల్ల అంచు పట్టుకుంది.

"సోమవారం నేను ఎక్కడికి వెళ్ళాలి?"

ఈసారి వినపడింది. అమ్మ రొట్టె కోస్తూ తలెత్తలేదు. "ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, నా తల్లీ. లేచి, పాలు తాగి, వెనక గదిలోకి రావడమే. వానలో సైకిలు తొక్కడం లేదు, మేస్త్రీ అరుపులు లేవు. నేను అలిసినప్పుడు నువ్వు తోస్తావు, నువ్వు అలిసినప్పుడు నేను. పట్నం వెళ్ళి చేతిపనివాళ్ళ పట్టికలో నా పేరు రాయించాను. ఇంటి మనిషిగా నీ పేరు కూడా."

"ఎప్పుడు రాయించావు?"

"కిందటి వారం బుధవారం. వాందా కారులో తీసుకెళ్ళింది."

పరీక్ష జరిగింది దానికి ముందురోజు, మంగళవారం. మిర్నా నీలం కోటు కుట్టుకున్నది ఆదివారం. ఆ ఆదివారం అమ్మ పక్కనే కూర్చుని బఠాణీలు వలుస్తూ, భుజం దగ్గర కొంచెం వదులు చెయ్యమని కూడా చెప్పింది. అప్పటికే అంతా అయిపోయింది. మిర్నా బల్ల అంచు వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

భోజనాలయ్యాక వాందా కారులోంచి నూలు కండెలు దించాలంది. మిర్నా వెంట వెళ్ళింది. వాకిట్లో పొగమంచు దిగి, దొడ్డి అవతల పాప్లర్ చెట్లు కనపడడం లేదు. లేత పసుపు నూలు, పసిపిల్లల స్వెట్టర్లకు. వాందా ఒక్కో కండె అందిస్తూ ఆమె మొహంలోకి చూసింది.

"అలా పెట్టకే మొహం. నాకు మాత్రం బాగుందనుకున్నావా? ఒర్నెల్లాగారు అంతలా అడిగాక."

"ఏమడిగారు?"

వాందా కండెల వైపు వంగింది. వంగినా తప్పించుకునే వీలు లేదు, దారికి అడ్డంగా మిర్నా నిలబడి ఉంది.

"నీకు తెలుసనుకున్నాను" అంది చివరికి. "నమూనాల గదిలో ఒక కుర్చీ ఖాళీ ఉంది. ఆ గదిని ఇళ్ళకు పంపరు, గుట్టుగా ఉండాల్సిన గది అది. వచ్చే ఏడాది స్వెట్టరు ఎలా ఉంటుందో ఒక్క ముక్క బయటికి పొక్కితే, పక్క వీధివాడు వారంలో తన దుకాణం కిటికీలో తగిలించేస్తాడు. ఆ గదికి నువ్వు కావాలన్నారావిడ. ఆ అతుకు చూసి."

"నన్నా?"

"నిన్నే. మీ అమ్మకు చెప్పాను. వద్దంది. నేనేం చెయ్యను, కన్నతల్లి వద్దన్నాక."

మిర్నా కండెలు అక్కడే కారు కప్పు మీద పెట్టి లోపలికి వచ్చింది. అమ్మ వెనక గదిలో ఒక్కతే ఉంది. కిటికీకి నాన్న తాత్కాలికంగా దుప్పటి కట్టాడు, గది సగం చీకటి. అమ్మ సూదులకు నూలు ఎక్కించి, పిడి పట్టుకుని బండిని మెల్లగా అటు తోసి ఇటు లాగుతోంది. కింద వేలెడు పసుపు అల్లిక వేలాడుతోంది.

"చూశావా" అంది. "నన్ను మర్చిపోలేదు."

"ఒర్నెల్లాగారు నన్నడిగారట."

బండి సగంలో ఆగింది. "వాందా నోరు ఎప్పుడూ అంతే."

"వద్దన్నావా?"

"అన్నాను."

"ఎందుకు?"

అమ్మ పిడికి ఊడిన ఎర్ర నూలు కొసను మళ్ళీ లోపలికి దోపింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నా పెళ్ళప్పుడు ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు. పంచదార పూసిన బాదంపప్పులు వలగుడ్డలో మూటలు కట్టి, పనిలో ఉన్నవాళ్ళందరికీ పంచాను. పంచకపోతే పీనాసి అంటారు కదా. ఎవారిస్తోగారికి కూడా ఇచ్చాను. నా చేత్తో నేనే. అక్కడ తెలివైనవాళ్ళున్నారు, పెళ్ళైనా ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. ఉంగరం గేటు దగ్గర తీసి బూటులో దాచుకునేవాళ్ళు. నేను సంబరం పట్టలేకపోయాను. ఆయన మూట విప్పి, ఒకటి నోట్లో వేసుకుని, బుగ్గన పెట్టుకుని, 'శుభం అర్జియా, ఇంక హాయిగా ఇల్లు చూసుకో' అన్నాడు. పెళ్ళైన ఆడదాన్ని పనిలో ఉంచేవాళ్ళు కాదప్పుడు. అని, బాదంపప్పు కొరికాడు. ఆ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది నాకు."

"మళ్ళీ పిలిచారు కదా."

"పిలిచారు. చేతులు చాలక. ఎనిమిదేళ్ళు నిలబెట్టి, ఇప్పుడు మళ్ళీ పొమ్మన్నారు. ఈసారి మాత్రం ఒట్టి చేతుల్తో రాలేదు నేను." ఆమె యంత్రం మీద అరచెయ్యి ఆనించింది. "ఇది నా ఇంట్లో ఉంది. దీని ముందు నుంచి నన్ను లేవమనేవాడెవడు? నిన్ను లేవమనేవాడెవడు? నీ పెళ్ళికి నువ్వు ఊరందరికీ పంచుకో బాదంపప్పులు. నేను నీకు ఇవ్వాలనుకున్నది అదీ."

"నూలు పంపకపోతే?"

"పంపుతారు."

"పంపకపోతే?"

"వాందా నా చెల్లెలు. పంపకేం."

మిర్నా గోడకు ఆనుకుంది. ఆనుకున్న చోట నిన్నటిదాకా తన తలగడ ఉండేది. అమ్మ చెప్పింది అబద్ధం కాదు. అందులో ప్రేమ లేకపోలేదు. కోపం తెచ్చుకోవడానికైనా ఒక చోటు చూపించరు ఈ ఇంట్లో.

"నిన్ను పొమ్మన్నారు" అంది మెల్లగా. "నన్ను రమ్మన్నారు. రెండూ ఒకటి కాదమ్మా."

"ఒకటే. రమ్మన్నవాళ్ళే పొమ్మంటారు."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే చెబుతావా నువ్వు? చిన్నప్పట్నుంచీ నీ నోట్లోంచి ఒక్క మాట లాగాలంటే పట్టకారు కావాలి. పండగ గౌను ఏ రంగు కావాలని అడిగితే కూడా మా అందరి మొహాలూ చూసేదానివి. నీ బదులు నేను చెప్పడం అలవాటైపోయింది, చెప్పాను."

"ఇప్పుడు చెబుతున్నాను."

"ఏం చెబుతున్నావు?"

"నేను ఆ గదికి వెళతాను."

అమ్మ ఒక్క క్షణం ఆమెను చూసింది. తర్వాత బండిని ఈ చివరి నుంచి ఆ చివరికి గట్టిగా తోసింది. సూదులన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి. మళ్ళీ ఇటు లాగింది. మిర్నా ఇంకేదో అంది. అదేమిటో చప్పుడులో అమ్మకు వినపడలేదు, వినపడాలని అమ్మ ఆపనూ లేదు.

మిర్నా బయటికొచ్చి సైకిలు తీసింది. గుమ్మంలో ఆమోస్‌తో చుట్ట కాలుస్తున్న నాన్న ఆమెను చూశాడు. ఎక్కడికని అడగబోయి మానేశాడు.

"దీపం వేసుకో. కాలవ పక్కన రోడ్డు కనపడదు" అన్నాడు.

కార్పి చేరేసరికి జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. నమస్కారం, ఒర్నెల్లాగారూ. మా అమ్మ వద్దన్నది నాకు తెలియదు. నేను వస్తాను. మూడే ముక్కలు. బడిలో పద్యం అప్పగించినట్టు తప్పకుండా చెప్పేయాలి, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేదు.

గేటు తీసే ఉంది. పెద్ద హాలులోకి అడుగుపెట్టి ఆమె నిలిచిపోయింది. యంత్రాలున్న చోట్ల నేల తెల్లగా, చుట్టూ నూనె మరకలతో నల్లగా ఉంది. బోల్టులు ఊడదీసిన గుంటల్లో దుమ్ము. ఒక మూల ఎవరో మర్చిపోయిన చెప్పుల జత. పరీక్షనాడు ఇక్కడ పక్కవాళ్ళ మాట వినాలంటే చెవి దగ్గర అరవాల్సి వచ్చింది. ఇప్పుడు తన అడుగులే తనకు పెద్దగా వినపడుతున్నాయి. హాలు చివర నమూనాల గదిలో దీపం వెలుగుతోంది.

తలుపు తట్టి, తోసింది.

ఒర్నెల్లాగారు పెద్ద బల్ల దగ్గర కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని నూలు రంగులు పోల్చుకుంటోంది. కిటికీ పక్కన, ముక్కలు కలిపే యంత్రం ముందున్న కుర్చీలో లియానా కూర్చుని ఉంది. పెట్టెలు సర్దే లియానా. ఆమె వేళ్ళ మధ్య అల్లిక ముక్క ఉంది. మిర్నాను చూడగానే ఆ వేళ్ళు కదలడం మానేశాయి.

"నమస్కారం, ఒర్నెల్లాగారూ" అంది మిర్నా. తర్వాతి మాట ఏమిటో మర్చిపోయింది.

"ఆగు. అక్కడే ఉండు" అంది ఒర్నెల్లా. గొంతు కటువుగా లేదు, కానీ చెయ్యి మాత్రం అడ్డం పెట్టింది. "గడప దాటకమ్మా. ఈ చలిలో బయటికెందుకొచ్చావు? ఎవరూ కోప్పడలేదా?"

"నేను పనికి వస్తానని చెప్పడానికి వచ్చాను. మా అమ్మ వద్దందట. నాకు తెలియదు. నేను ఒప్పిస్తాను."

"మీ అమ్మ వద్దనడమేమిటి? నీకు ఊపిరితిత్తుల్లో బాగాలేదని చెప్పారే."

"నాకా?"

"గురువారం మీ పిన్ని వచ్చి చెప్పింది, కళ్ళనీళ్ళు పెట్టుకుని. రాత్రుళ్ళు దగ్గు ఆగడం లేదనీ, ఎవరితోనూ అనొద్దనీ. పాపం, ఆ అతుకు చూసి ఎంత ఆశపడ్డానో. పోనీ తన కూతురు లియానానైనా పంపమని నేనే అన్నాను."

లియానా కిటికీ వైపు చూస్తోంది. కిటికీ అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు.

"నాకే జబ్బూ లేదు" అంది మిర్నా. "సైకిలు తొక్కుకుంటూ వచ్చాను, మా ఊరు బుద్రియోనె నుంచి." అనేసరికి దారంతా మింగిన మంచు గొంతులో అడ్డం పడింది. దగ్గు వచ్చింది. ఆపుకోవాలని చూసింది. ఆపుకున్నకొద్దీ ఎక్కువైంది. ఒర్నెల్లా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"చూశావా తల్లీ. ఇంటికెళ్ళి వెచ్చగా పడుకో."

"లేదండీ, ఇది మంచు." ఇంక ఎలాగైనా నమ్మించాలి. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. జీవితంలో ఎన్నడూ ఆమె అన్ని మాటలు ఒకేసారి అనలేదు. "జబ్బైతే నా చేత పనెందుకు చేయిస్తారు? సోమవారం నుంచి ఇంట్లో నేనే తోయాలి. మా అమ్మ యంత్రం ఇవాళే వచ్చింది. నా మంచం తీసేసి, నేను పడుకునే గదిలోనే పెట్టారు. నూలు కూడా వచ్చింది. అమ్మ మొదలుపెట్టింది కూడా."

ఒర్నెల్లా కళ్ళద్దాలు తీసింది.

"ఏ యంత్రం? మనదా?"

"వరసలో నాలుగోది."

"నువ్వు పడుకునే గదిలో." ఆవిడ ఒక్కో మాటా విడివిడిగా అంది. "పసుపు నూలేనా?"

మిర్నా తల ఊపింది. ఊపాక కానీ తానేం చెప్పిందో తెలియలేదు.

"అవి చంటిపిల్లలవి. జర్మనీలో పొత్తిళ్ళ మీద తొడుగుతారు. దగ్గే మనిషి పడుకునే గదిలో అల్లిన బట్ట అని వాళ్ళ చెవిన పడితే, ఒక్క మీ ఇల్లే కాదు, ఊళ్ళో ఒక్క ఇంటికి కూడా నూలు ఉండదు." ఆవిడ లేచి గోడకున్న ఫోను దగ్గరికి నడిచింది. "ఈ వాందాకు మతి ఉందా లేదా? తనే జబ్బని చెప్పి, తనే యంత్రం ఎలా పంపించింది? ఎవారిస్తోగారితో చెప్పాలి. సోమవారం పొద్దున్నే బండి పంపించి, యంత్రం వెనక్కి తెప్పించాలి."

అమ్మ తలరుమాలు విప్పి పిడి తుడవడం మిర్నా కళ్ళకు కట్టింది. ఒక్క మాట చెబితే చాలు. మా పిన్ని అబద్ధమాడింది, తన కూతురి కోసం. చెబితే అమ్మ యంత్రం నిలుస్తుంది, కుర్చీలోంచి లియానా లేవాలి, నూలు తెచ్చే కారు ఇంకెప్పుడూ వాకిట్లోకి రాదు. చెప్పకపోతే సోమవారం ఆమోస్ బండి వస్తుంది. రెంటిలో ఏదీ చెప్పలేక ఆమె లియానా వంక చూసింది. నువ్వు చెప్పవే అన్నట్టు. నిజం తెలిసినది ఆ గదిలో ఆ ఒక్కతే.

లియానా లేచింది. చేతిలో ముక్క కుర్చీలో పెట్టి, తిన్నగా గుమ్మం దాకా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. మిర్నాకు ప్రాణం లేచివచ్చింది, బయటికి వస్తుందనుకుని ఒక అడుగు వెనక్కి వేసి దారి ఇచ్చింది.

"లియానా, నీకు తెలుసు కదే."

"ఎందుకొచ్చావే నువ్వు" అంది లియానా, పెదవులు కదిలీ కదలకుండా.

గదిలో ఒర్నెల్లా ఫోనులో ఎవారిస్తోగారిని పిలవమంటోంది. మిర్నా గట్టిగా ఊపిరి పీల్చి, పేరు పెట్టి ఆవిడను పిలవబోయింది. ఆ పిలుపు పూర్తికాకముందే లియానా తలుపు మూసి, లోపల గడియ పెట్టింది.